అడుగు పడగానే లేచే హాలోవీన్ బొమ్మ: ప్రెజర్ మ్యాట్ స్విచ్ అమరిక

అక్టోబరు 31వ తేదీ రాత్రి అమెరికాలో జరుపుకొనే వేడుక హాలోవీన్. 19వ శతాబ్దంలో ఐర్లండు, స్కాట్లండు దేశాల నుండి వలస వెళ్లినవారితో అది అక్కడ వేళ్లూనుకున్నది. ఆ రాత్రి పిల్లలు వేషాలు వేసుకొని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఇంటివారు వాకిట దయ్యాల బొమ్మలు నిలుపుతారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా ఇది పరిచితమైన వేడుకయే.

అడుగు పడగానే పెట్టెలో నుండి అస్థిపంజరం లేచి నిలిచే బొమ్మ వీటిలో ఒకటి. దానిని లేపేది గాలి పీడనం. లేవమని సూచించేది కాలి క్రింది మ్యాట్. ఈ రెండింటినీ వేరువేరుగా ఉంచుటయే ఈ అమరికకు ప్రాణం.

మ్యాట్ నిర్మాణం: రెండు లోహపు రేకుల నడుమ రంధ్రాలు గల మెత్తని పొర ఉంటుంది. కాలు మోపినప్పుడు ఆ రంధ్రాల గుండా రేకులు తాకి విద్యుత్ మార్గం కలుస్తుంది. కాలు తీయగానే విడిపోతుంది. ఇది స్వల్ప విద్యుత్తును మాత్రమే భరించగలదు. కావున దీని గుండా ఇంటి కరెంటును ఎన్నడూ పంపరాదు. అమెరికాలో అది 120 వోల్టులు, మన దేశంలో 230 వోల్టులు. తడిసిన మ్యాట్‌పై పసివాని పాదం పడితే ప్రాణాపాయం.

తీగల అమరిక: 12 వోల్టుల డీసీ అడాప్టరు తీసుకొని, దాని ధన తీగకు ఫ్యూజు చేర్చవలెను. అక్కడి నుండి రెండు మార్గాలు. మొదటిది మ్యాట్ గుండా టైమరు యొక్క సూచన అందుకొనే కొనకు చేరుతుంది. రెండవది టైమరులోని రిలే గుండా సోలినాయిడ్ వాల్వు కాయిల్‌కు చేరి, రుణ తీగకు తిరిగి వస్తుంది. కాయిల్‌కు అడ్డముగా 1ఎన్4007 డయోడును, దాని గీత ఉన్న కొన ధన తీగ వైపు ఉండునట్లు కలపవలెను. కాయిల్ ఆగిన క్షణాన పుట్టే ఎదురు వోల్టేజి రిలేను దెబ్బతీయకుండా ఇది కాపాడుతుంది.

టైమరు ఎందుకు: అది లేనిచో ఎవరైనా మ్యాట్‌పై నిలిచి ఉన్నంతసేపు బొమ్మ పైననే ఉండిపోతుంది. ఒకసారి సూచన అందగానే రెండు మూడు సెకన్లు మాత్రమే పనిచేసి, తరువాత కొంతసేపు స్పందించని రకాన్ని ఎంచుకొనవలెను.

గాలి మార్గం: కంప్రెసరు నుండి రెగ్యులేటరు, దాని నుండి వాల్వు, వాల్వు నుండి సిలిండరు. రెండు వైపులా గాలితో కదిలే సిలిండరుకు ఐదు ద్వారాల వాల్వు కావలెను. స్ప్రింగుతో వెనుకకు మరలే రకమైతే, కరెంటు పోయినప్పుడు బొమ్మ దానంతట అదే దిగిపోతుంది. ఒక అంగుళం వ్యాసం గల పిస్టన్‌పై 50 పీఎస్‌ఐ పీడనం సుమారు 18 కిలోల బలాన్ని ఇస్తుంది. ఒకటిన్నర అంగుళమైతే సుమారు 40 కిలోలు. ఒక ముఖాన్ని గాయపరచుటకు ఇది చాలు. అందుచేత వేగాన్ని తగ్గించే ఫ్లో కంట్రోల్ వాల్వులు తప్పనిసరి. గాలికి పీవీసీ గొట్టాలు వాడరాదు. అవి పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి.

జాగ్రత్తలు: బొమ్మ ఎంత దూరం చాచగలదో కొలిచి, మ్యాట్‌ను అంతకంటె దూరంగా పరచవలెను. నడుమ కంచె ఉంచుట మేలు. తీగలు కలిపే ముందు మల్టీమీటరుతో మ్యాట్‌ను పరీక్షించవలెను: కాలు మోపితే మోగవలెను, తీస్తే ఆగవలెను. ఎల్లప్పుడూ మోగుచున్నచో మ్యాట్ ముడుచుకున్నదనో, తడిసినదనో గ్రహించవలెను. తల, చేతులు తగిలించక మునుపే వట్టి సిలిండరును పలుమార్లు నడిపి చూడవలెను. మరమ్మతు చేయునప్పుడు ముందు ప్లగ్గు తీసి, గాలి మూసి, గొట్టాలలో మిగిలిన గాలిని వదలిన పిమ్మటనే చేయి పెట్టవలెను.

మన ఊళ్లలో ఉత్సవ మండపాలకు కదలే బొమ్మలను కూర్చదలచిన యువకులకు కూడా ఈ నియమాలే వర్తిస్తాయి. చూడవచ్చిన పిల్లవాడు ఉలికిపడి నవ్వవలెను, గాయపడి ఏడ్వరాదు.