కోసిన గడ్డి కూడా దస్తావేజే



పోయిన వర్షాకాలంలో మా ఊళ్లో ఒక మయ్యత్ అయింది. ఇషా తర్వాత జనాజా నమాజ్ చదివి డోలా భుజాలకెత్తుకున్నాం. ఖబరస్తాన్ గేటు దాకా బాగానే వెళ్లాం. లోపల అడుగు పెడితే నడుమెత్తు గడ్డి, మధ్యలో సర్కారు తుమ్మ కంపలు, పైన వాన. సెల్‌ఫోన్ల వెలుతురులో ఒకరి వెనక ఒకరం కాళ్లతో తడుముకుంటూ నడిచాం. మా కాళ్ల కింద ఎవరి ఖబ్ర్ ఉందో అల్లాహ్‌కే తెలుసు. ఖబ్ర్ మీద కూర్చోవద్దన్న ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మాట మాలో ప్రతి ఒక్కరికీ చిన్నప్పుడే నేర్పారు. ఆ రాత్రి ఎంతమంది బుజుర్గుల మీంచి నడిచామో!

తవ్వేవాళ్లు అంతకుముందే ఒకచోట గునపం వేస్తే, కొంత లోతుకు వెళ్లేసరికి పాత ఖబ్ర్ పలకలు తగిలాయట. ఇస్తిగ్ఫార్ చదివి, మట్టి మళ్లీ కప్పేసి, పక్కకు జరిగి ఇంకొకటి తవ్వారు. రెండో పార కోసం ఒక కుర్రాడు ఊళ్లోకి పరిగెత్తాడు. తవ్వే పెద్దాయన నాతో ఒక్క మాటే అన్నాడు: "ఈ గడ్డిలో ఏటి కనిపిస్తాది సాయిబుగారూ?"

నాకు జవాబు తోచలేదు. ఎందుకంటే మా దాదా ఖబ్ర్ ఎక్కడుందో నాకే తెలీదు. మాది పక్కా కట్టడాలు కట్టే ఆనవాయితీ కాదు. కచ్చా ఖబ్ర్, తలవైపు ఒక రాయి, అంతే. "వేపచెట్టుకి తూర్పున ఏడడుగులు" అని అబ్బా చెప్పేవారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానులో ఆ వేపచెట్టు వేళ్లతో సహా పడిపోయింది. అబ్బా కూడా మర్హూం అయ్యారు. ఏడడుగుల లెక్క మిగిలింది, ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో పోయింది.

ఆ రాత్రి తర్వాత జమాత్‌లో రెండు పనులు అనుకున్నాం. ఒకటి, ఖబరస్తాన్ మొత్తం గడ్డి కోయించడం. రెండు, గేటు పక్కన సామాను పెట్టుకోవడానికి ఒక షెడ్డు వేయడం. ఇది తారీఖ్ రాసే చోటు కదా, గడ్డి సంగతి ఎందుకు అనుకుంటారేమో. కాస్త ఓపిక పట్టండి. మన జిల్లాల్లో మన తారీఖ్ సగం ఆ గడ్డి కిందే ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముసల్మానులు నూటికి ఒకరు కూడా లేరు. చాలా ఊళ్లలో మనవి పది ఇళ్లు, ఇరవై ఇళ్లు. అందుకే "మీరు ఇక్కడికి ఎప్పుడొచ్చారు?" అని మన పిల్లల్ని అడిగేవాళ్లుంటారు. పిల్లలు తెల్లమొహం వేస్తారు. వాళ్లకు ఈ తేదీ చెప్పండి: శ్రీకాకుళం జామియా మస్జిద్ 1641లో కట్టారు. కట్టించినవాడు షేర్ ముహమ్మద్ ఖాన్, గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్. అప్పుడీ నాగావళి ఒడ్డు ఊరి పేరు చికాకోల్. చికాకోల్, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్, ముర్తజానగర్ అని ఐదు సర్కార్లు. ముస్తఫానగర్ అంటే కొండపల్లి, ముర్తజానగర్ అంటే గుంటూరు వైపు. వాటన్నిటిలోకీ ఉత్తరాన ఉన్నది మన చికాకోల్. బొబ్బిలి సంస్థానం వాళ్లు చెప్పుకునే కథ ప్రకారం ఆ ఊరి పేరు కూడా ఈ షేర్ ఖాన్ మీదే పెట్టింది: షేర్ అంటే పులి, పెద్ద పులి, పెబ్బులి, బొబ్బిలి.

ఫౌజ్‌దార్ అంటే ఫౌజు, ఫౌజు అంటే గుర్రాలు. గుర్రం గడ్డి తింటుంది. మన కితాబుల్లో సర్దార్ల పేర్లే ఉంటాయి గానీ, ఆ రోజుల్లో గుర్రపు దళం వెంట సాయీసులతో పాటు ఘసియారాలు నడిచేవారు. ఘాస్ అంటే గడ్డి, ఘసియారా అంటే గడ్డి కోసేవాడు. చేతిలో ఖుర్పా, భుజాన వల. పొద్దున్నే బయల్దేరి గట్ల మీద గడ్డి చెక్కి, దులిపి, మోపు కట్టి తెచ్చేవాడు. తర్వాత కంపెనీ వాళ్ల మద్రాసు రిసాలాల్లో కూడా ప్రతి గుర్రానికి ఒక సాయీసు, ఒక గడ్డి కోసేవాడు ఉండేవారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా తారీఖ్‌లో లేదు. అలాంటివాళ్లు మన ఖబరస్తాన్లలో రాయి కూడా లేకుండా పడుకుని ఉంటారు.

తర్వాతి సంగతి తొందరగా చెప్తాను. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు, చికాకోల్ మొగలుల చేతికొచ్చింది. ఆ తర్వాత నిజాం. ఆ కాలంలో ఇక్కడ ఫౌజ్‌దార్‌గా చేసిన అన్వరుద్దీన్ ఖానే 1744లో ఆర్కాటు నవాబయ్యాడు. ఆయన కొడుకు మహఫూజ్ ఖాన్ పేరు మీద ఈ ఊరిని మహఫూజ్ బందర్ అని కూడా పిలిచారు. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కార్లను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. 1766లో నిజాం అలీ ఖాన్ ఒప్పందం చేసుకుని ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాడు.

మొదటి ఫౌజ్‌దార్ నుంచి చివరి ఒప్పందం దాకా వందేళ్ల పైచిలుకు. సర్కార్ పోయింది, నౌకరీలు పోయాయి, చాలా ఖాందాన్లు హైదరాబాదు వైపో మద్రాసు వైపో వెళ్లిపోయాయి. మిగిలినవి రెండు. ఒకటి మాటలు: జిల్లా, తాలూకా, తహశీల్దారు, జమాబందీ, దస్తావేజు, రసీదు. ఊళ్లో ఏ రైతు నోట విన్నా అవి మనవే. రెండోది నేల: మస్జిద్‌లు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు, ఖబరస్తాన్లు.

ఆ నేలకు కాగితం ఉందా? కొన్నిటికి ఉంది. 1858లో ఇంగ్లీషు ప్రభుత్వం వాళ్లు ఇనాం కమిషన్ పెట్టి ఎవరి దగ్గర ఏ సనద్ ఉందో చూపించమన్నారు. చూపించినవి రిజిస్టర్‌లోకి ఎక్కాయి. చాలా ఊళ్లలో ఖబరస్తాన్‌కు సనద్ అంటూ ఏదీ ఉండదు. ఊరు ఉన్నప్పటి నుంచి అక్కడే దఫన్ చేస్తున్నారు, అంతే. అలాంటివి రెవెన్యూ లెక్కల్లో పోరంబోకుగా పడ్డ చోట్లు ఎన్నో. 1954 వక్ఫ్ చట్టం కింద సర్వేలు జరిగి జాబితాలు గెజిట్‌లో అచ్చయ్యాయి. 1995 చట్టం, ఎన్నో ఏళ్లుగా దీనీ పనికి వాడుతూ వస్తే అదే వక్ఫ్ అని ఒప్పుకుంది. 2025 సవరణ ఆ పద్ధతిని ఇకముందుకు తీసేసింది. అప్పటికే రిజిస్టర్ అయి, తగాదా లేకుండా, ప్రభుత్వ భూమి కాకుండా ఉన్నవే ఆ లెక్కన నిలుస్తాయి.

ఆ చట్టం మంచిచెడ్డలు ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇవాళ చెప్పేది చిన్న మాట. కాగితం ఉన్నా లేకపోయినా, చూడ్డానికొచ్చిన మనిషి మొదట చూసేది నేలనే. కంప పెరిగి, దారి మూసుకుపోయి, రాళ్లు కనపడకుండా ఉన్న నేలను చూసి "ఖాళీ జాగా" అంటాడు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో రీసర్వే మొదలైంది, పైనుంచి డ్రోన్లు ఫొటోలు తీశాయి. ఆకాశం నుంచి చూస్తే మా ఖబరస్తాన్ ఒక తుమ్మ తోపు. నాలుగు వందల ఏళ్ల తారీఖ్ డ్రోన్‌కు కనపడదు. కోసిన గడ్డి, నడిచే దారి, నిలబెట్టిన రాయి కనపడతాయి.

ఇక మసలా. "ఖబ్ర్ మీద పచ్చగడ్డి తస్బీహ్ చేస్తుంది, కోయకూడదు" అని మా పెద్దవాళ్లు గట్టిగా అన్నారు. నిజమే, పచ్చటి కొమ్మను ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం రెండు ఖబ్రుల మీద నాటిన హదీసు బుఖారీ, ముస్లిం రెండిటిలోనూ ఉంది. ఖబ్ర్ మీది పచ్చగడ్డి పీకడం మక్రూహ్ అని హనఫీ ఉలమా రాశారు. అయితే ఫతావా ఆలంగీరీలో వక్ఫ్ బాబ్‌లో ఇంకో మాట ఉంది: ఖబరస్తాన్‌లో గడ్డి పెరిగితే కోసి పశువులకు పంపవచ్చు, పశువులను మాత్రం లోపలికి తోలకూడదు. ఈ కితాబు తయారు చేయించింది ఔరంగజేబే. చికాకోల్‌కు పాద్‌షా అయినవాడి కాలపు ఉలమా గడ్డి కోత గురించి ఇంత బారీకుగా ఆలోచించారంటే, ఇది చిన్న పని ఎలా అవుతుంది?

మా ఇమాం సాబ్ రెండూ కలిపి ఇలా చెప్పారు: దారులు, ఖాళీలు, గోడ పక్కన అంతా కోయండి. ముళ్ల కంపలు తీసేయండి. ఖబ్రుల మీద పొట్టిగా అల్లుకున్న గరిక జోలికి పోకండి. అలాగే చేశాం.

పని చేస్తే తెలిసిన సంగతులు మీ ఊరి జమాత్‌కు పనికొస్తాయని రాస్తున్నాను. ముందు కొడవళ్లతో ఎత్తు గడ్డి తీశాం, ఎందుకంటే రాళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా మిషను పెడితే రాయీ పోతుంది, బ్లేడూ పోతుంది. తర్వాత పెట్రోలు మిషను తెచ్చాం. తలరాళ్ల దగ్గర ఇనుప బ్లేడు కాకుండా నైలాన్ తాడు వాడాలి. కోసేవాడు బూట్లు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. పాములుంటాయి, గులకరాళ్లు ఎగిరి తగులుతాయి. వయ్యారిభామను పువ్వు రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో పీకాలి, పువ్వు వచ్చాక కోస్తే విత్తనం చల్లినట్టే. సర్కారు తుమ్మను పైన నరికితే పది కొమ్మలై లేస్తుంది, మొదలు తవ్వి తీయాల్సిందే. ఖబ్ర్‌కు దగ్గరగా ఉన్నవాటిని తవ్వకుండా నేలమట్టానికి నరుకుతూ పోతున్నాం.

ఇంకొకటి. మనం షబే బరాత్ ముందే ఖబరస్తాన్ బాగుచేస్తాం. చాంద్ లెక్క ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో షబే బరాత్ ఫిబ్రవరి మొదట్లో వచ్చింది, అప్పటికి గడ్డి ఎండి ఉంటుంది. కొన్నేళ్లకు అది వానల్లోకి వస్తుంది. గడ్డికి చాంద్ తెలీదు, వానే తెలుసు. అందుకే ఏడాదికి రెండు కోతలు పెట్టుకున్నాం: ఒకటి నైరుతి వానల మధ్యలో దారుల వరకు, ఇంకొకటి వానలు ఆగాక అంతా.

గోడ పక్క పొలం రైతుకూ మాకూ ఎన్నేళ్లుగానో మేకల గొడవ. ఈసారి వెళ్లి, "మేకల్ని లోపలికి తోలకు నాయనా, గడ్డి మేమే కోసి మోపులు కట్టి గట్టు మీద పెడతాం" అన్నాం. వయ్యారిభామ వేరుచేసి మంచి గడ్డే ఇచ్చాం. ఆయన తన బండిలోనే కంపంతా బయటికి తోలిపెట్టాడు. ఆలంగీరీ ఫత్వా మా గట్టు తగాదా తీర్చింది, అల్‌హందులిల్లాహ్.

షెడ్డు పదడుగులకు పన్నెండు. జాగా ఎంచుకోవడానికే వారం పట్టింది. గేటు పక్కన ఎవరినీ దఫన్ చేయలేదని ముగ్గురు పెద్దలు విడివిడిగా చెప్పాకే ముగ్గు వేశాం. లోతు పునాదులు లేవు. కాంక్రీటు దిమ్మెల మీద ఇనుప పైపులు బోల్టులతో బిగించాం, కావాలంటే విప్పి పక్కకు జరపొచ్చు. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లం కదా. కప్పు ఎత్తు తగ్గించి, హుక్కు బోల్టులు దగ్గర దగ్గరగా వేయించాం. లోపల డోలా, గుస్ల్ తఖ్తా, రెండు పారలు, రెండు గునపాలు, గమేళాలు, తాళ్లు, పలకలు, చార్జింగ్ లైటు, గడ్డి మిషను. పెట్రోలు డబ్బా మాత్రం షెడ్డులో పెట్టం. తాళం చెవులు రెండు: ఒకటి మస్జిద్‌లో, ఒకటి తవ్వే పెద్దాయన దగ్గర.

గోడకు ఒక రిజిస్టర్ కూడా వేలాడదీశాం. గేటు నుంచి ఎన్ని వరసలు, వరసలో ఎన్నో ఖబ్ర్, ఎవరిది, ఏ తారీఖు. గుర్తున్నవాళ్ల చేత గుర్తున్నంత చెప్పించి రాస్తున్నాం. మొదటి పేజీలో పేర్ల కంటే "మాలూం నహీ" అన్నవే ఎక్కువ.

కోత పూర్తయ్యాక నాలుగు మూలల్లో మూడు హద్దు రాళ్లు బయటపడ్డాయి. నాలుగోది సర్వేయరు వచ్చి కొలిచి చూపించాలి. దాదా ఖబ్ర్ దొరకలేదు. వేపచెట్టు ఉన్న గుంట దొరికింది గానీ, అక్కణ్ణుంచి తూర్పుకు ఏడడుగుల్లో మూడు రాళ్లున్నాయి. ఎవరి అడుగులో అబ్బా చెప్పలేదు. మూడిటి దగ్గరా నిలబడి ఫాతిహా చదివాను. రిజిస్టర్‌లో ఆ మూడిటికీ ఎదురుగా "ఈ ముగ్గురిలో ఒకరు మా దాదా" అని రాశాను.

మీ అబ్బా, మీ నానా బతికుండగానే ఒకసారి చెయ్యి పట్టుకుని ఖబరస్తాన్‌కు తీసుకెళ్లండి. ఎవరెక్కడున్నారో అడిగి రాసుకోండి. వెళ్లేటప్పుడు ఒక కొడవలి కూడా పట్టుకెళ్లండి. అల్లాహ్ మన మర్హూమీన్లందరికీ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.