గంధకం మోసిన పిల్లలు

అగ్గిపుల్ల గీయగానే ముక్కుకి ఘాటు తగుల్తుంది కదా? అది గంధకం, అంటే సల్ఫర్. 19వ శతాబ్దంలో ప్రపంచం వాడిన గంధకంలో ఎక్కువ భాగం ఇటలీ పక్కనున్న సిసిలీ దీవిదే. దాంతో సల్ఫ్యూరిక్ యాసిడ్ చేసేవాళ్లు. సబ్బులకీ గాజుకీ కావాల్సిన సోడా తయారీకి ఆ యాసిడ్ ఉండాల్సిందే.

1838లో అక్కడి రాజు రెండో ఫెర్డినాండ్ ఈ వ్యాపారాన్ని ఒక ఫ్రెంచ్ కంపెనీకి రాసిచ్చేశాడు. రేట్లు పెరిగాయి. 1840లో బ్రిటన్ యుద్ధనౌకలు పంపింది. రాజు వెనక్కి తగ్గాడు.

సరే, ఇంత గొడవైన ఆ సరుకుని గనిలోంచి పైకి మోసిందెవరు? చిన్నపిల్లలు! వాళ్లని 'కరూసి' అనేవాళ్లు. గని పనివాడు అమ్మానాన్నలకి ముందే అప్పు ఇచ్చేవాడు. అది తీరేదాకా పిల్లాడు పని మానడానికి లేదు. మన దగ్గరి వెట్టిచాకిరీ లాంటిదే.

1894లో అమెరికాలోని లూసియానాలో హెర్మన్ ఫ్రాష్ కొత్త దారి కనిపెట్టాడు. గంధకం సుమారు 115 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే ఒత్తిడిలో బాగా కాచిన నీళ్లని పైపుల్లో భూమిలోకి పంపి, కరిగిన గంధకాన్ని పైకి తెచ్చాడు. మనిషి కిందికి దిగక్కర్లేదు.

ఆ చవక సరుకు ముందు సిసిలీ నిలవలేకపోయింది. కానీ అక్కడి గనులు వెంటనే మూతపడలేదు. కరూసి ఇంకా కొన్నేళ్లు మోస్తూనే ఉన్నారు.