యథాతథం

యథా అంటే ఎలాగో, తథా అంటే అలాగే. కలిస్తే ఉన్నది ఉన్నట్టు. 1947 నవంబరు 29న హైదరాబాద్ పాలకుడు నిజాం, భారత ప్రభుత్వం ఏడాది గడువుతో చేసుకున్న ఒప్పందానికి తెలుగులో స్థిరపడ్డ పేరు యథాతథ ఒప్పందం. సికింద్రాబాద్ నుంచి భారత సేనలు వెళ్లిపోయాయి. బొల్లారంలో భారత ప్రతినిధిగా కె.ఎం. మున్షీ ఉన్నారు. సరిహద్దు ఊళ్ల మీద నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల దాడులు మాత్రం ఆగలేదు.

రజా అంటే ఇష్టం, కార్ అంటే చేసేవాడు. రజాకార్ అంటే ఇష్టపడి సేవకు వచ్చినవాడు. ఇంత మంచి మాట తెలంగాణ పల్లెల్లో భయానికి పేరైపోయింది. మాటకు ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది! నేటికీ దౌర్జన్యం చేసేవాణ్ని రజాకారనే తిడతారు.

చివరికి భారత సైన్యం హైదరాబాద్ మీదికి కదిలింది. 1948 సెప్టెంబరు 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు సికింద్రాబాద్ చెంత నిజాం సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ భారత సేనల మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు. యథాతథ ఒప్పందం గడువు ఇంకా రెండు నెలలు మిగిలే ఉంది.