అత్తయ్య వేలిముద్ర, మన మొహాలు

మొన్న పెదకూరపాడులో మా ఆడపడుచు కూతురి పెళ్ళయింది. నాలుగో రోజున ఫోటోగ్రాఫర్ వాట్సాప్‌లో లింకు పంపాడు. సెల్ఫీ తీసి పెడితే వేల ఫోటోల్లోంచి మనవి మాత్రమే ఏరి ఇస్తుందట. అందరం పోటీపడి పెట్టాం. మా అత్తయ్య ఒక్కరే ఫోన్ పక్కకి నెట్టి, "నా మొహం దాచుకుని వాళ్ళేం చేసుకుంటారమ్మాయ్?" అన్నారు. అప్పుడు నవ్వేశాం కానీ, రాత్రి గిన్నెలు సర్దుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

అత్తయ్యకి సంతకం రాదు, పొలం కాగితాల మీద వేలిముద్రే. ఒంటి గుర్తు తీసుకోవడం మన దేశంలో పాత సంగతే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డు కంకర ఒప్పందం మీద రాజ్యధర్ కొనాయ్ చేత అరచేయి అద్దించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరోనే పెట్టారు. అయితే వేలికి సిరా పూస్తే మనకి తెలుస్తుంది. మొహం సంగతి అలా కాదు, ఎవరో పెట్టిన ఫోటో చాలు. కళ్ళ మధ్య దూరం, ముక్కు, దవడ కొలిచి అంకెలుగా మార్చి దాచేస్తారు.

అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం 2008లోనే దీనికి చట్టం చేసింది. దుకాణాల్లో వేలిముద్రతో డబ్బు కట్టించుకునే ఓ కంపెనీ దివాలా తీసేసరికి, ఆ ముద్రలు ఎవరికి అమ్ముతారోనని భయం పట్టుకుంది. రాతపూర్వక అనుమతి లేకుండా వేలిముద్రలు, మొహం కొలతలు తీసుకుంటే మామూలు మనిషే కోర్టుకెళ్ళొచ్చు. తప్పుకి 1,000 డాలర్లు, కావాలని చేస్తే 5,000.

2015లో ఫోటోలు అచ్చువేసే షటర్‌ఫ్లై మీద కేసు పడింది. వేసినాయనకి అందులో ఖాతానే లేదు! ఎవరో ఎక్కించిన ఫోటోలో ఆయనున్నాడు, అంతే. అదే ఏడు ఫేస్‌బుక్ మీదా వేశారు. అసలు నష్టమేం జరిగిందని కంపెనీ వాదించింది, 2019లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. 55 కోట్ల డాలర్లిస్తామంటే జడ్జి డొనాటో చాలదన్నారు. చివరికి 65 కోట్లకి తేలింది. సుమారు 16 లక్షల మంది అడిగితే తలా 397 డాలర్ల దాకా వచ్చాయి. అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఆ రాష్ట్రంలో ఉంటే చాలు. షికాగో చుట్టుపక్కల మనవాళ్ళకీ ఆ హక్కుందన్నమాట. 2021 నవంబరులో ఫేస్‌బుక్ వంద కోట్లకి పైగా మొహాల కొలతలు చెరిపేస్తామని ప్రకటించింది. నాకు డబ్బుకన్నా అదే పెద్ద గెలుపు.

మన దగ్గర కోర్టుకెక్కింది ఫోటో కంపెనీ కాదు, పోలీసులు. 2021 మేలో లాక్‌డౌన్ అప్పుడు హైదరాబాద్‌లో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తని ఆపి, మాస్కు తియ్యమన్నారు. ఆయన తియ్యనన్నా ఫోటో తీసుకున్నారు. ఆయన తెలంగాణ హైకోర్టుకెళితే, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24నే చెప్పింది. 2023 చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ ఉంది గానీ, అదంతా ఖజానాకే, మొహం పోగొట్టుకున్న మనిషికి కాదు. ఇల్లినాయిస్‌కీ మనకీ తేడా అక్కడుంది.

పెళ్ళిలో పిల్లల సెల్ఫీలు పెట్టింది నేనే. మర్నాడు ఫోటోగ్రాఫర్‌కి ఫోన్ చేసి, చెరిపేస్తావా నాయనా అని అడిగాను. "ఆల్బం ఇచ్చాక తీసేస్తానండీ" అన్నాడు.

ఆల్బం ఇంకా రాలేదు.