కీలుకు కట్టు

ఎమ్మిగనూరులో గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగాని చేతులు నాడెను నడపుచుండగా, పాదములు గుంటలోని కర్రలను తొక్కుచుండును. అట్టివాని పాదపు కీలుకు శస్త్రచికిత్స జరిగినచో, అతడు అడుగు ప్రశ్న ఒక్కటే: మరల మగ్గము తొక్కుట ఎన్నడు? అందుకు సమాధానము సగము వైద్యుని కత్తిలోను, సగము కట్టులోను ఉన్నది.

కట్టు మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత పదునాలుగు విధములైన కట్టులను పేర్కొన్నది. కీళ్లకు, అరికాళ్లకు స్వస్తికబంధము చెప్పినది. నూలుబట్టను కట్టు సామగ్రిలో చేర్చినది. బిగువును మూడు తరగతులుగా విభజించి, కన్నులకు, కీళ్లకు వదులుకట్టు విధించినది. ఈ విచక్షణ ఎంత విలువైనదో తరువాతి చరిత్ర తెలిపినది.

1852లో డచ్చి సైనికవైద్యుడు మాథైసెన్, నూలుపట్టీలకు సున్నపుపొడివంటి ప్లాస్టరు రుద్ది, తడిపి చుట్టు పద్ధతిని ప్రకటించెను. క్రిమియా యుద్ధములో రష్యను వైద్యుడు పిరొగోవ్ ప్లాస్టరుకట్టును విరివిగా వాడెను. ఎముక కదలకుండుటకు ఇది గొప్ప సాధనమే. కాని శస్త్రచికిత్స పిదప పాదము వాచును. గట్టికట్టు వాపుకు చోటీయదు. బిగుతుకట్టువలన రక్తప్రసారము తగ్గి కండలు ముడుచుకొనిపోవునని 1881లో జర్మను వైద్యుడు ఫోక్‌మన్ హెచ్చరించెను.

దీనికి ఉపాయము ప్రత్తిలోనే దొరికినది. 1880లో బర్మింగుహాము వైద్యుడు గాంజీ, నూనె తీసిన దూదిని రెండు గాజుగుడ్డల నడుమ పెట్టి మెత్తను రూపొందించెను. దట్టమైన దూదిపై పట్టీ చుట్టినచో ఒత్తిడి సమముగా పడును, వాపునకు చోటుండును. ఆదోని ప్రత్తి బేరము, 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేత సహకార సంఘము ఎరిగిన మనకు దూది, నూలు చేయు ఈ మేలు వింతగా తోచదు.

నేడు ఎంపిక చికిత్సనుబట్టి యుండును. బొటనవ్రేలి వంకర సరిదిద్దినచో మెత్తనికట్టు, గట్టి అడుగుగల చెప్పు తరచు చాలును. కీలునే అతికించినచో ఎముక కలియువరకు, సాధారణముగ ఆరు మొదలు పండ్రెండు వారములు, ప్లాస్టరో బూటో అవసరము కావచ్చును. కుట్లు సుమారు రెండు వారములకు తీయుదురు. తొలి దినములలో పాదమును గుండెకంటె ఎత్తున ఉంచవలెను. వ్రేళ్లు నీలవర్ణమైనను, తిమ్మిరెక్కినను, నొప్పి మందుకు లొంగక పెరిగినను తెల్లవారువరకు ఆగరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.

మంత్రాలయమునకు కాలినడకన పోదలచినవారైనను, మగ్గము దిగినవారైనను, కట్టు తామే విప్పి తొందరపడరాదు. వైద్యుడు అనుమతించిన దినముననే మొదటి అడుగు వేయుదురుగాక.