దృశ్య ప్రోగ్రామింగ్‌లో వెర్షన్ కంట్రోల్

దృశ్య ప్రోగ్రామింగ్‌లో వెర్షన్ కంట్రోల్ అంటే గీతలు, బ్లాకులతో రూపొందించే ప్రోగ్రాముల్లో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో నమోదు చేసి, అవసరమైతే పాత ప్రతిని తిరిగి తెచ్చుకునే పద్ధతి.

ఈ తరహా ప్రోగ్రాములు పరిశ్రమల్లో యంత్రాలను నియంత్రించే పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్)లతో వ్యాపించాయి. రిలే సర్క్యూట్ల పటాన్ని పోలిన ల్యాడర్ డయాగ్రమ్‌కు, ఫంక్షన్ బ్లాక్ డయాగ్రమ్‌కు 1993లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) వారి ఐఈసీ 61131-3 ప్రమాణం ఏర్పడింది. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి సమగ్ర ఉక్కు పరిశ్రమల్లోనూ, ఓడరేవుల్లో ఖనిజం మోసే కన్వేయర్లలోనూ పీఎల్‌సీ నియంత్రణ సాధారణం.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనం టెక్స్ట్ ఫైళ్లను వరుసల వారీగా పోలుస్తుంది. 1986లో వెలువడిన దృశ్య ప్రోగ్రామింగ్ సాధనం ల్యాబ్‌వ్యూలో ప్రోగ్రాములుండే వీఐ ఫైళ్లు బైనరీ రూపంలో ఉంటాయి కనుక ఆ పోలిక పనికిరాదు. ఎక్స్‌ఎంఎల్‌లో భద్రపరిచినా, తెరపై ఒక బ్లాకును పక్కకు జరిపితే చాలు, లాజిక్ మారకపోయినా దాని స్థాన సంఖ్యలు మారి తేడాగా నమోదవుతాయి. ఇద్దరు ఒకే ఫైలును సవరిస్తే మార్పులను కలపడం మరింత కష్టం. అందువల్ల డయాగ్రమ్ రూపంలోనే తేడాలు చూపే సాధనాలు, ఫైలుకు లాక్ వేయడం, ప్రోగ్రామును చిన్న భాగాలుగా విడగొట్టడం వాడుకలోకి వచ్చాయి. యంత్రం నడుస్తుండగానే పీఎల్‌సీలో నేరుగా మార్పు చేసే వీలుంది. అందుకే కంట్రోలర్‌లోని ప్రోగ్రామును భద్రపరిచిన ప్రతితో పోల్చడం నిర్వహణలో భాగం. ఇలాంటి ప్రోగ్రాములను ఇచ్చిపుచ్చుకునేందుకు పీఎల్‌సీఓపెన్ సంస్థ రూపొందించిన ఎక్స్‌ఎంఎల్ రూపం ఆధారంగా 2019లో ఐఈసీ 61131-10 ప్రమాణం వెలువడింది.