పిల్లల్లో ఫ్యాటీ లివర్: నల్గొండ, పాలమూరు నేపథ్యం

కాలేయ కణాల్లో కొవ్వు పేరుకుపోయే జబ్బే ఫ్యాటీ లివర్. తొలినాళ్లలో వైద్యులు దీన్ని పిల్లల్లో ఎక్కువగా చూసింది తిండి చాలని ఇళ్లలోనే. 1930లలో గోల్డ్ కోస్ట్‌లో వైద్యురాలు సిసిలీ విలియమ్స్ వర్ణించిన క్వాషియార్కర్ అనే పోషకాహార లోపపు జబ్బులో కాళ్లు ఉబ్బుతాయి, జుట్టు రంగు మారుతుంది, కాలేయం కొవ్వుతో పెరుగుతుంది. కొవ్వును బయటికి మోసుకెళ్లే ప్రోటీన్ చాలినంత తయారుకాక అది కాలేయంలోనే నిలిచిపోతుందని చాలాకాలం వివరించారు. కూనూరులో 1918లో పుట్టి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ సి. గోపాలన్ తదితరులు క్వాషియార్కర్‌ను ఏళ్ల తరబడి పరిశోధించారు. గోధుమ, శనగపప్పు, పల్లీలు, బెల్లంతో ఆ సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ బక్కచిక్కిన పిల్లలకు పెట్టే ఆహారంగా పేరుపొందింది.

మద్యంతో సంబంధం లేకుండా కొవ్వు చేరి వచ్చే కాలేయ వాపుకు 1980లో మేయో క్లినిక్‌కు చెందిన యూర్గెన్ లుడ్విగ్ పేరుపెట్టారు. మూడేళ్లకు ఊబకాయమున్న పిల్లల్లోనూ అది కనిపించింది. ఇక్కడ కారణం వేరు. ఇన్సులిన్ సరిగా పనిచేయక (దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు) ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరుతుంది. మితిమీరి తిన్న చక్కెరను కాలేయం కొవ్వుగా మారుస్తుంది.

నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) మెట్ట ఊళ్లలో జొన్నరొట్టె, గట్క, తైద అంబలి నిత్యాహారంగా ఉండేవి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది, కాలువల కింద వరి విస్తరించింది. కడుపునిండా అన్నం దొరకడం చిన్న విషయం కాదు, కరువు చూసిన ఇంటికి అది పెద్ద ఊరట. ఆ అన్నం పక్కన చిప్స్ ప్యాకెట్టు, కూల్‌డ్రింకు చేరడం, ఆట తగ్గడంతోనే చిక్కు మొదలైంది. పైగా మన పిల్లల్లో బరువు తక్కువగా పుట్టినా ఒంట్లో కొవ్వుపాళ్లు ఎక్కువుండవచ్చని పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపింది. అందుకే సన్నగా కనిపించే పిల్లవాడిని పరీక్షించకుండా వదిలేయడం సరికాదు.

హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో 1987-90 మధ్య జరిగిన ప్రయోగాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, మిగతా ఊళ్ల పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువగా ఉంది. అంటే ఈ జబ్బు నివారణ అంగన్‌వాడీలోనే మొదలుకావచ్చు.

జబ్బు సాధారణంగా లక్షణాలేవీ చూపదు. మెడ వెనుక చర్మం నల్లబడి మందమైతే అది ఇన్సులిన్ నిరోధకతకు గుర్తు. మురికి పట్టిందనుకుని తల్లులు పీచుతో రుద్దుతుంటారు, అది పోదు. ఊబకాయమున్న పిల్లలకు 9-11 ఏళ్ల మధ్య ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ పరీక్ష చేయాలని 2017 నాటి ఉత్తర అమెరికా మార్గదర్శకాలు సూచించాయి. చాలా ల్యాబ్ రిపోర్టుల మీద పెద్దల పరిమితే, 40 లేదా ఆపైన, అచ్చయి ఉంటుంది. ఈ మార్గదర్శకాల్లో బాలికలకు 22, బాలురకు 26 దాటినా ఎక్కువ కిందే లెక్క. దానికి రెట్టింపు స్థాయి మూడు నెలలకు మించి కొనసాగితే కారణం వెతకాలి. హెపటైటిస్, విల్సన్ జబ్బు వంటి ఇతర కాలేయ జబ్బులు లేవని తేల్చుకోవాలి. తక్కువ కొవ్వును అల్ట్రాసౌండ్ పట్టుకోలేదు కాబట్టి స్కానింగ్ బాగుందన్న మాటతో నిశ్చింతగా ఉండకూడదు. బయాప్సీ అవసరం కొందరికే.

మందుల చరిత్ర నిరాశే మిగిల్చింది. 173 మంది పిల్లలపై సాగి 2011లో వెలువడిన అమెరికా పరీక్షలో విటమిన్ ఇ గానీ, మెట్‌ఫార్మిన్ గానీ ఎస్‌జీపీటీని నిలకడగా తగ్గించలేకపోయాయి. 2019లో మరో అధ్యయనంలో 11-16 ఏళ్ల బాలురకు ఎనిమిది వారాలు చక్కెర బాగా తగ్గించగా కాలేయంలో కొవ్వు 25 నుంచి 17 శాతానికి దిగింది. ఎదిగే పిల్లలను పస్తులుంచకూడదు. చాలామందికి బరువు పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ లెక్క సరిపడుతుంది. తీపి పానీయాలు మానాలి, అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచాలి, రోజూ గంటసేపు ఆడాలి. కామెర్లకిచ్చే పసరు మందు దీనికి వాడకూడదు, కొన్ని ఆకుమందులే కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అందువల్ల తొలి పరీక్షకూ, మూడు నెలల తర్వాత చేసే రెండో పరీక్షకూ హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని తప్పింది.